నోటు వెనుక చెల్లు

నా బల్ల సొరుగున కొన్ని రెవెన్యూ స్టాంపులును, మూత బిగిసికొనిపోయిన జిగురుసీసాయు సర్వదా సిద్ధముగా నుండును. సూరతు నగరమున లింబాయత్ ప్రాంతమందలి మా గల్లీకి ప్రామిసరీ నోట్లు వ్రాసిపెట్టువాడను నేనే. ఇది నాకు జీవనోపాధి కాదు. ఎవరికడను దీనికై పైకము పుచ్చుకొని యెఱుగను. తెలుగును గుజరాతీయు రెండును చదువ వ్రాయ వచ్చిన పాపమునకు, సాయంకాలము పాళీ మాఱి, పండ్రెండు గంటలు సాంచాల రొదలో మునిగినవారు చెవులు దిబ్బళ్లు వేసికొని యిండ్లకు మరలు వేళ, ఎవడో యొకడు కాగితము చేత బట్టుకొని నా గుమ్మమెక్కుచుండును.

కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి చేతిమగ్గము కూడుపెట్టక వలసవచ్చిన పద్మశాలీలు ఈ గల్లీలో పెక్కుమంది గలరు. మరమగ్గమును సిరిసిల్లలోవలెనే యిచ్చటను సాంచా యనియే యందురు గనుక, ఊరు మాఱినను పనిముట్టు పేరు మాఱలేదు. నగరపాలక సంస్థవారు వీరి పిల్లలకు తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను నడుపుచున్నారు. కాని తండ్రులు సంతకము చేయవలసిన కాగితములు మాత్రము గుజరాతీలోనే యుండును.

గుజరాతీ ఒకటి అంకె కొత్తవాని కంటికి అచ్చముగా తొమ్మిదివలె గన్పట్టును. ఆ సంగతి యెఱుగని కుఱ్ఱవాడొకడు, ఊరినుండి వచ్చి రెండు నెలలైన కాకమున్నే, వణకుచు వచ్చి, "అన్నా, వెయ్యి తీసుకుంటె తొమ్మిదివేలని రాసిండు!" అని కాగితము నా చేతబెట్టెను. అరుగుమీదివారందఱును ఘొల్లున నవ్విరి. నవ్వనిది పెద్దమ్మ యొక్కతెయే. చీరలకు రాళ్లంటించు పనిచేసికొని బ్రదుకు ఆ ముదుసలికి ఏ లిపియు రాదు. ఆమె కాగితమును దీపమున కెదురుగా బట్టి, పైకము వ్రాసిన పంక్తికిని కుఱ్ఱవాని సంతకమునకును నడుమ వ్రేలుంచి, "గింత జాగ ఎందుకిడిసిండు?" అని యడిగెను. అక్కడ మఱి రెండు పంక్తులు సులభముగా పట్టును. అంకె చదువగలిగిన నాకు ఆ ఖాళీ కనబడలేదు. ఆ చోటికి అడ్డముగా గీత గీసి, పైకమును అక్షరములలో వ్రాసి, అప్పిచ్చినవానిచేత మఱల సంతకము పెట్టించుటకు ఆ రాత్రి ముగ్గురము పోయితిమి.

అరుగును గుజరాతీలు 'ఓటలో' యందురు. దానిమీద కూర్చుండి లోకవిచారము చేయువారిని 'ఓటలా పరిషత్తు' అని పరిహసింతురు. మా పరిషత్తునకు అధ్యక్షురాలు పెద్దమ్మయే. ఆమె యెవ్వరికిని అప్పియ్యదు. ఇచ్చుటకు ఆమెకడ లేదు. ఆమె మాట నమ్మదగినదగుటకు అదియే కారణమని నా యభిప్రాయము. అప్పుకై వచ్చినవానిని ఆమె మొట్టమొదట అడుగునది ఎందుకని కాదు, ఎట్లు తీర్తువని.

"మిత్తి ఎంతన్నడు బిడ్డా?"

"మూడే, పెద్దమ్మా. బ్యాంకోల్లయితె పన్నెండంటుండ్రు."

"బ్యాంకోనిది ఏడాదికి. వీనిది నెలకు. పన్నెండు నెలలు పెట్టి సూడు."

నూటికి మూడు నెలకైన, ఏటికి 36. ఈ లెక్క చెప్పించుకొనక మునిగినవారిని నేను పెక్కుమందిని జూచితిని. రోజువారీ వసూలువాని లెక్క ఇంకను గడుసైనది: పదివేల యప్పని పేరుపెట్టి, వేయి ముందుగానే కోసికొని, చేతికి తొమ్మిదివేలిచ్చి, దినమునకు నూఱు చొప్పున నూఱుదినములు పుచ్చుకొనును. వినుటకు నూటికి పదివలె నుండును. కాని మఱునాటినుండియే తిరిగి కట్టుచుండుటచే ఋణగ్రస్తుని చేతిలో సగటున నిలుచునది నాలుగున్నర వేలే యగుటవలన, అది ఏటికి నూటికి ఎనుబది దాపునకు బోవును.

సూరతునకు అప్పు కొత్తది కాదు. 17వ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారే యిచ్చటి వీర్జీ వోరా యను వర్తకునికడ చేయి చాపిరి. 1664లో శివాజీ దండు ఈ నగరమును దోచినపుడు ఆతని భవనమును దోపిడిపాలయ్యెను. ఆ దొరలకు మిత్తి లెక్క విప్పి చెప్పు పెద్దమ్మ యొకతె దొరకియుండదు.

ఇంటిచిట్టీలను గుజరాతీలు 'వీసీ' యందురు. ఇరువదిమంది తలకొక వేయి వేయగా, పాటలో నాలుగువేలు వదలుకొన్నవానికి పదునాఱువేలు ముట్టును. ఆ నాలుగువేలును తలకు రెండువందలుగా అందఱికిని తిరిగివచ్చును. 1982 నాటి చట్టము చిట్టీకి ముందుగా ప్రభుత్వానుమతి కావలెనన్నది. గల్లీ చిట్టీకి అది యెక్కడిది? కావున పెద్దమ్మ పాట సంగతి యడుగదు. చిట్టీలో ఎవరెవరున్నారని యడుగును.

ఇక నా తప్పు చెప్పవలెను. ఒక పొరుగువానికి ఇరువదివేలకు నోటు వ్రాసియిచ్చితిని. అతడు మూడు తడవలుగా పండ్రెండువేలు కట్టెను, చేతినుండి చేతికి. నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనుమని నేను చెప్పలేదు; వ్రాతగాని పని వ్రాతతో సరియని ఊరకుంటిని. చెల్లు విషయమున అరుగుమీదను భేదాభిప్రాయములు గలవు. నోటుకు గడువు మూడేండ్లనియు, ఆ గడువులోపల బాకీదారుడు స్వయముగా సంతకముచేసి చెల్లు వేసినచో మఱల మూడేండ్లు లెక్కకు వచ్చుననియు ఎఱిగిన గడుసువారు, చెల్లు వేయకుండుటే మేలని చెవిలో నూదుదురు. అతడు అట్టివారి మాట వినెనో, బద్ధకించెనో తెలియదు. కట్టిన పైకము మాత్రము తన చిన్నపుస్తకమున వ్రాసికొనుచుండెను.

2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్టనుండి విడిచిన నీటితో తాపీనది పొంగి నగరములో చాలభాగమును ముంచెను. అతని యింట పుస్తకము నానిపోయి ముద్దయ్యెను. అప్పిచ్చినవాని నోటు మేడమీద నుండుటచే పొడిగానే మిగిలెను. దాని వెనుకవైపు తెల్లగా నుండెను. అప్పిచ్చినవాడు ఎనిమిదివేలు ముట్టినట్లే తనకు జ్ఞాపకమనెను. అబద్ధమాడెనని నేను చెప్పజాలను. పరిషత్తు రెండు రాత్రులు కూర్చుండి, పదివేలు ముట్టినట్లు తీర్చెను. ఇరువురును తృప్తిపడలేదు.

నాటినుండి నోటు వ్రాసిన వెంటనే కాగితము త్రిప్పి, వెనుక తేదికి, పైకమునకు, సంతకమునకు గడులు గీసి మఱీ యిచ్చుచున్నాను. అంకెను జూచి భయపడిన ఆ కుఱ్ఱవాడు మొన్న చలికాలపు సాయంకాలమున, వీరు 'పోంక్' అనెడి జొన్న ఊచబియ్యము పొట్లముతో అరుగు దగ్గఱకు వచ్చి, ఐదువందలు కట్టివచ్చితినని చెప్పెను. పెద్దమ్మ పిడికెడు ఊచబియ్యము నోట వేసికొని, రెండవ చేయి చాపి, "ఎనుక సూపియ్యి" అనెను.