ప్రశ్న గుర్తు నొక్కి చూడండి

సిస్కో రౌటర్‌కు సొంత తెర ఉండదు, కీబోర్డు ఉండదు. లేత నీలం రంగు బల్లపరుపు కేబుల్ ఒక కొసను కన్సోల్ పోర్టులో గుచ్చి, రెండో కొసను ల్యాప్‌టాప్‌కు తగిలించి, పుట్టీ లాంటి ప్రోగ్రాంలో వేగం 9600 అని పెట్టి ఎంటర్ కొడితే, నల్లటి తెర మీద ఒక్క మాట వస్తుంది: రౌటర్>. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. బొమ్మలు లేవు, మెనూలు లేవు, ఏం కొట్టాలో చెప్పేవారు లేరు. కానీ మనిషి కోసం ఇంత శ్రద్ధగా కట్టిన కమాండ్ లైన్లు చాలా తక్కువని నేను నమ్ముతాను.

ముందు ఆ చివరి గుర్తు చూడండి. > అంటే కొన్ని వివరాలు చూడనిస్తుంది, దేన్నీ మార్చనివ్వదు. ‘ఎనేబుల్’ అని కొడితే అది # అవుతుంది. ఇక అన్నీ చూడొచ్చు, రౌటర్‌ను రీస్టార్ట్ కూడా చేయొచ్చు. ‘కాన్ఫిగర్ టెర్మినల్’ కొడితే రౌటర్(కాన్ఫిగ్)# వస్తుంది, అంటే మార్పులు చేసే చోటికి వచ్చారు. అక్కడి నుంచి ఒక ఇంటర్‌ఫేస్‌లోకి దిగితే బ్రాకెట్‌లోని మాట కాన్ఫిగ్-ఇఫ్‌గా మారుతుంది. ‘ఎగ్జిట్’ ఒక మెట్టు పైకి తెస్తుంది, ‘ఎండ్’ లేదా కంట్రోల్-జెడ్ నేరుగా # దగ్గర దింపుతాయి. ఎక్కడున్నామో గుర్తుపెట్టుకునే భారం మన మీద లేదు. ప్రతి వరుస మొదట్లో రౌటరే చెబుతుంది.

ఇక ప్రశ్న గుర్తు. దాని తర్వాత ఎంటర్ కొట్టనక్కర్లేదు, నొక్కగానే జవాబు వస్తుంది. ఖాళీ వరుసలో నొక్కితే ఆ మోడ్‌లో చెల్లే కమాండ్లన్నీ, ఒక్కోదానికి ఒక చిన్న వివరణతో సహా కనిపిస్తాయి. ‘షో’ తర్వాత ఖాళీ వదిలి నొక్కితే ఆ తర్వాత ఏ మాటలు రావచ్చో చెబుతుంది. ఖాళీ వదలకుండా మాట మధ్యలో నొక్కితే, ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలు చూపిస్తుంది. ఒక్క స్పేస్‌తో రెండు వేర్వేరు ప్రశ్నలు అడగొచ్చన్నమాట. ఇక ఏమీ చేర్చకపోయినా సరిపోయే చోట జాబితాలో <సీఆర్> అని ఉంటుంది. అంటే ఎంటర్ కొట్టొచ్చు. నాకు అన్నిటికంటే నచ్చేది దాని తర్వాత జరిగేది: జవాబు చూపించాక, అప్పటిదాకా మనం కొట్టినదంతా కొత్త వరుసలో మళ్లీ తెచ్చిపెట్టి, కర్సర్‌ను దాని చివర నిలుపుతుంది. అడిగినందుకు చేస్తున్న పని పోదు.

ఈ పద్ధతి సిస్కోతో పుట్టలేదు. డెక్ కంపెనీ పెద్ద యంత్రాల మీద నడిచిన టాప్స్-20 వ్యవస్థలో ప్రశ్న గుర్తుతో సాయం అడగడం ముందే ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆ యంత్రాలు ఉండేవి. అక్కడ పనిచేసిన లెన్ బోసాక్, శాండీ లెర్నర్ 1984లో సిస్కోను స్థాపించారు. మంచి పనితనాన్ని గుర్తుపట్టి వెంట తెచ్చుకోవడం కూడా పనితనమే.

తప్పు చేసినప్పుడు ఇది మాట్లాడే తీరు చూడండి. కమాండ్ సగంలో ఆగితే అసంపూర్ణం అంటుంది. కుదించిన మాట రెండు కమాండ్లకు సరిపోతే ఏదో తేలడం లేదంటుంది. అసలు చెల్లని మాటైతే, ఎక్కడ తప్పామో సరిగ్గా ఆ అక్షరం కింద ^ గుర్తు పెడుతుంది. మరో మాటతో కలవనంత వరకు ఎంత కుదించినా ఒప్పుకుంటుంది కాబట్టే ‘కాన్ఫిగర్ టెర్మినల్’ ఇంజనీర్ల నోట ‘కాన్ఫ్ టీ’ అయిపోయింది. ఒక్కచోట మాత్రం నాకు అసంతృప్తి. # దగ్గర ఒకే మాటను తప్పుగా కొడితే, అది ఏదో కంప్యూటర్ పేరనుకుని నెట్‌వర్క్‌లో వెతుకుతూ కాసేపు బిగుసుకుపోతుంది. ‘నో ఐపీ డొమైన్-లుకప్’ అని పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

అసలు గొప్పతనం ‘షో రన్నింగ్-కాన్ఫిగ్’ కొట్టినప్పుడు తెలుస్తుంది. రౌటర్ ప్రస్తుతం ఏ అమరికలతో నడుస్తోందో అది చూపిస్తుంది, మనం కొట్టే కమాండ్ల రూపంలోనే. ఇంటర్‌ఫేస్ పేరు ఒక వరుస, దాని కింద ఒక స్పేస్ లోపలికి జరిపి దాని ఐపీ అడ్రస్, మధ్యమధ్య ! గుర్తులు. ఆ గుర్తుతో మొదలయ్యే వరుసను రౌటర్ పట్టించుకోదు. కాబట్టి తెర మీదిదంతా కాపీ చేసి మరో రౌటర్ కాన్ఫిగ్ మోడ్‌లో పేస్ట్ చేయొచ్చు. మరి ఒక ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి రావడానికి మధ్యలో ‘ఎగ్జిట్’ లేదే? అక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ మోడ్‌లో చెల్లని మాట వస్తే రౌటర్ దాన్ని పై మోడ్‌లో వెతికి, దొరికితే అమలు చేస్తుంది. మనం చెప్పే భాష, అది గుర్తుంచుకునే భాష, తిరిగి మనకు చూపే భాష ఒక్కటే. పేస్ట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: పోర్టును తెరిచే ‘నో షట్‌డౌన్’ ఆ జాబితాలో కనిపించదు. కొత్త రౌటర్‌లో పోర్టులు మామూలుగా మూసి ఉంటాయి కనుక దాన్ని మనమే కొట్టాలి.

హైదరాబాద్ అమీర్‌పేటలో సిస్కో సర్టిఫికెట్ సీసీఎన్ఏ శిక్షణకు చేరేవారికైనా, ఇంట్లో ప్యాకెట్ ట్రేసర్ అనే అనుకరణ ప్రోగ్రాం పెట్టుకుని నేర్చుకునేవారికైనా కమాండ్లు బట్టీ పట్టించే ముందు ప్రశ్న గుర్తు, ^ గుర్తు, ‘నో’ చూపించాలి. ‘నో’ను ముందు చేర్చితే దాదాపు ప్రతి అమరికా వెనక్కి పోతుందని తెలిసిన విద్యార్థికి చేయి వణకదు.

మార్పు మాత్రం ఎంటర్ కొట్టగానే అమల్లోకి వస్తుంది. జూనిపర్ రౌటర్లలో మార్పులన్నీ రాసుకుని, సరిచూసుకుని, ‘కమిట్’ అన్నాకే అమలవుతాయి. ఈ విషయంలో జూనిపర్ దారే మేలని ఒప్పుకుంటాను. తప్పు మార్పు వెంటనే అమలైపోతుందనే భయానికి సిస్కోలో వేరే ఉపాయం ఉంది. చేసిన మార్పులు మొదట ర్యామ్‌లోనే ఉంటాయి. ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ అంటేనే శాశ్వతంగా నిలుస్తాయి. దూరంగా ఉన్న రౌటర్‌ను సరిచేసేటప్పుడు, ఒక్క తప్పు వరుసతో మన దారి మనమే మూసుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు ఏదీ ముట్టుకోకముందే ‘రీలోడ్ ఇన్ 10’ అని కొడతారు. దారి మూసుకుపోతే పది నిమిషాల్లో రౌటర్ తనే రీస్టార్ట్ అయి, సేవ్ చేసిన పాత అమరికతో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ అని, ఆ తర్వాతే సేవ్ చేస్తారు.