పెద్దవాళ్ళ బొమ్మల కథలు

మొన్న ఒక మిత్రులింట భోజనాలయ్యాక, యూనివర్సిటీలో చదువుతున్న వారమ్మాయి ఒక పుస్తకం తెచ్చి చూపించింది. పెర్త్‌లో పెరిగిన షాన్ టాన్ 2006లో ప్రచురించిన 'ది అరైవల్'. అందులో మాటలుండవు, అన్నీ బొమ్మలే. భార్యనీ కూతుర్నీ వదిలి, భాష రాని ఊళ్ళో దిగినవాడి కథ. మనలో ఎవరికీ దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

"అంకుల్, ఇండియాలో ఇలాంటివి వేయరా?" అని అడిగింది. మేము అమర్ చిత్ర కథ పేరు చెప్పాం. "అవి పిల్లలవి కదా!" అని వెళ్ళిపోయింది. ఆమె అటు వెళ్ళగానే మగవాళ్ళలో ఒకరు గొంతు తగ్గించి 'సవితా భాభీ' అన్నారు. అందరూ నవ్వారు. ఆడవాళ్ళు వంటింట్లోంచి రాగానే సంభాషణ క్రికెట్టు మీదికి మళ్ళింది. ఆ నవ్వును గురించే ఈ నాలుగు మాటలూ.

సవితా భాభీ 2008లో ఇంటర్నెట్టులో మొదలైంది. 2009 జూన్‌లో భారత ప్రభుత్వం నిషేధించింది. దాంతో పేరు విననివారు కూడా విన్నారు. చీర, బొట్టు, మెడలో మంగళసూత్రం: అచ్చంగా పక్కింటి ఇల్లాలు. మన పాత సినిమాల్లో కోరికున్న ఆడది క్లబ్బు డాన్సరన్నా అయ్యేది, చివరి రీల్లో చచ్చిపోనన్నా పోయేది. ఈమె చావదు, సిగ్గుపడదు, ఎవరి కాళ్ళమీదా పడదు. బొమ్మల్లోని నగ్నత్వం కన్నా ఆ మంగళసూత్రమే పెద్దలను ఎక్కువ కలవరపెట్టిందని మా అనుమానం. ఆ మేరకు దాని తెగువను ఒప్పుకోవాలి.

కాని కథగా చూస్తే అది వట్టి డొల్ల. ఎవరో ఒకరు తటస్థపడతారు, భర్త అశోక్ ఆఫీసులో ఉంటాడు, తరువాతిది తెలిసిందే. ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆమె ఏమనుకుంటుందో మనకు తెలియదు. కోరిక ఆమెదని చెబుతూనే, చూపు మాత్రం మగవాడిదే.

సరసం మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్య కేతిగాడూ బంగారక్కా వచ్చి పచ్చిగా వేళాకోళమాడితే ఊరంతా కలిసి నవ్వేది. బంగారక్క మాటకు మాట అప్పజెప్పేది. ఆ నవ్వుకు గొంతు తగ్గించవలసిన పని లేదు.

పెద్దవాళ్ళ కథలంటే పడకగది కథలే కానక్కర్లేదు. 1994లో ఒరిజిత్ సేన్ 'రివర్ ఆఫ్ స్టోరీస్'లో నర్మదా ఆనకట్టల వల్ల ఊళ్ళు పోగొట్టుకునే ఆదివాసుల గోడు బొమ్మల్లో చెప్పారు. 2011లో వచ్చిన 'భీమాయణ'లో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అంబేద్కర్ జీవితాన్ని మామూలు కామిక్సు గళ్ళలో ఇరికించకుండా తమ పద్ధతిలో చిత్రించారు. ఇక సవితా భాభీ పుట్టిన 2008లోనే అమృతా పాటిల్ 'కారి' వచ్చింది. అందులో ఒక స్త్రీ మరొక స్త్రీని ప్రేమిస్తుంది. క్యాన్సర్‌తో పోతున్న స్నేహితురాలి దగ్గర కూర్చుంటుంది. కోరికా, దుఃఖమూ, మరణమూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. మన విందుల్లో ఈ పేరు ఎవరూ ఎత్తగా వినలేదు.

వైద్యులుగా మాకు దీనితో పని ఉంది. మా దగ్గరకు వచ్చే తెలుగు దంపతులు ఒంట్లో నలత అంతా తెలుగులోనే చెబుతారు. దాంపత్యం ఊసు వచ్చేసరికి ఇంగ్లీషులోకి దూకుతారు. వారి తప్పు కాదు. తెలుగులో వారికి తెలిసినవి అటు తిట్లు, ఇటు పాఠ్యపుస్తకాల సంస్కృతం. మధ్యన ఉండవలసిన మాటలు కథలు నేర్పాలి. చాటున నవ్వుకునే కథలు ఆ మాటలు నేర్పవు.

మన అసోసియేషన్ లైబ్రరీలో అమర్ చిత్ర కథల పక్కన ఆ మూడు పుస్తకాలూ పెడదాం. ఖర్చు మాది. ఒక ఆదివారం ఆడా మగా ఒకే గదిలో కూర్చుని వాటిని గురించి మాట్లాడుకుందాం. ఆ అమ్మాయినీ పిలుద్దాం. ఆమె అడిగినదానికి మేమింకా సరైన జవాబు చెప్పలేదు.