పాదు తవ్వే కాలం

మా మేనమామకు నల్లగొండ జిల్లాలో హాలియా అవతల రెండెకరాల బత్తాయి తోట ఉండేది. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచేవి. డిసెంబరు వచ్చిందంటే మామ తోటకు నీళ్లు ఆపేసేవాడు. వారం, పది రోజులు, నెల. ఆకులు వాడి వాలిపోయేవి, కొన్ని పండి రాలేవి. చెట్లను చంపేస్తున్నాడని నేను ఏడిస్తే నవ్వేవాడు. "చావదు బిడ్డా. బెట్టకొస్తే చెట్టు సోంచాయిస్తది" అనేవాడు. ఆ తర్వాత మొదలు చుట్టూ పాదు తవ్వి, పశువుల పెంట పోసి, నీళ్లు వదిలేవాడు. కొన్నాళ్లకు తోటంతా తెల్లటి పూత. ఆ వాసన రోడ్డు దాకా వచ్చేది.

బెట్ట పెట్టి ఊరుకుంటే చెట్టు ఎండిపోతుంది. పాదు తవ్వడం ఆలస్యం చేసి ఓ ఏడు మామ సగం పంట పోగొట్టుకున్నాడు. ఆ సంగతి 2025లో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో, నాకు పదే పదే గుర్తుకొచ్చింది.

నా పుట్టింటివాళ్లు బాప్టిస్టులు, అత్తగారిది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. పుట్టింట్లో పాస్టరుగారు 'మారుమనస్సు పొందండి' అంటే నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. అత్తగారింటికి వచ్చాక తపస్సు కాలం అలవాటైంది. విభూది బుధవారం నుదుట బూడిద పెట్టించుకోవడం, మాంసం మానడం, సిలువ మార్గం, ఈస్టరుకు ముందు పాపసంకీర్తనం. రెండూ నాకిష్టమే. ఏడవడమూ వచ్చు, మానడమూ వచ్చు. 2025లో మాత్రం ఆ రెండూ చాలలేదు.

విభూది బుధవారం మార్చి 5న వచ్చింది. తపస్సు కాలపు మొదటి ఆదివారం 9న. ఆ మర్నాడే నల్లగొండలోని ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టు ప్రణయ్ హత్య కేసులో తీర్పు చెప్పింది.

ఈ జిల్లావాళ్లకు ఆ కథ చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 14, మిర్యాలగూడ. గర్భిణి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికొస్తున్న ప్రణయ్ అనే దళిత క్రైస్తవ యువకుణ్ణి వెనక నుంచి వచ్చినవాడొకడు నరికాడు. కెమెరాకు చిక్కిన ఆ దృశ్యాన్ని దేశమంతా ఫోన్లలో చూసింది. కూతురు తక్కువ కులం వాణ్ణి చేసుకుందని ఆమె తండ్రే కోటి రూపాయలకు బేరం మాట్లాడి చేయించాడని పోలీసులు తేల్చారు. విచారణ నడుస్తుండగానే, 2020 మార్చిలో, ఆ తండ్రి హైదరాబాద్‌లో ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ఏడుగురిలో నరికినవాడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం పడింది.

తర్వాతి ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు వేపచెట్టు కింద అదే ముచ్చట. "దేవుడు న్యాయం చేసిండు" అన్నారు కొందరు. "ఉరిశిక్షకు మనం చప్పట్లు కొట్టొచ్చునా?" అని ఒక కుర్రవాడు అడిగాడు. "నీ అన్నను నరికితే తెలుస్తది" అని ఒక పెద్దాయన గద్దించాడు. ఉరిని హైకోర్టు ఖాయం చెయ్యాలి, ఆ మాట అక్కడ తేలాల్సింది. నాకు మాత్రం ప్రణయ్ ఇంటివాళ్లే కళ్లలో మెదిలారు. ఆరున్నరేళ్లు పగకు పగ అనకుండా వాయిదా వెంట వాయిదా తిరిగారు. సువార్తను బతకడమంటే ఎట్లా ఉంటుందని ఎవరన్నా అడిగితే, నేను ముందు ఆ కోర్టు మెట్లే చూపిస్తాను.

మార్చి 23, తపస్సు కాలపు మూడో ఆదివారం. ఆ రోజు చదవాల్సిన సువార్త లూకా 13వ అధ్యాయం. ఎవరూ ఏరి పెట్టింది కాదు, మూడేళ్లకోసారి తిరిగివచ్చే వరసలో ఆ ఏడు అదే పడింది. బలి అర్పిస్తున్న గలిలయులను పిలాతు చంపించాడన్న వార్త కొందరు యేసుకు మోసుకొస్తారు. ఆయన ఇంకోటి గుర్తుచేస్తాడు, సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే జవాబిస్తాడు. చచ్చినవాళ్ల తప్పు వెతికే నోళ్లకు అక్కడితో తాళం పడుతుంది. అయితే పిలాతును తిట్టిపోస్తాడేమోనని ఎదురుచూసినవాళ్లకు కూడా ఏమీ దొరకదు. వార్త తెచ్చినవాళ్ల వైపే తిరిగి, మీ సంగతేమిటని అడుగుతాడు.

చంపినవాడికి కోర్టుంది. చచ్చినవాడి పక్షాన దేవుడున్నాడు. కొవ్వొత్తులు పట్టుకుని నడిచి ఇంటికెళ్లిన మనకు ఏముంది? ఆ వాక్యం నన్ను కూర్చున్న చోట కూర్చోనివ్వలేదు. ఎందుకంటే 2018లో ప్రణయ్ కోసం నేనూ ఒక కొవ్వొత్తి పట్టుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్లకు మా తమ్ముడి బిడ్డకు సంబంధాలు చూస్తున్నాం. ఒకటి వచ్చింది. పిల్లవాడు గవర్నమెంటు నౌకరి, తాగడు, ఆదివారం గుడి తప్పడు, క్వయర్‌లో పాడతాడు. తమ్ముడు ఫోన్లో ఇంత చెప్పాక నా నోట వచ్చిన మొదటి మాట, "ఏమోళ్లు?" ఏ కులమని అడగడమే అది. అవతల కాసేపు నిశ్శబ్దం. "వాళ్లు వేరే అక్కా" అన్నాడు. మాలా మాదిగా, ఏదైతేనేం. రెండు వాడల మధ్య రోడ్డొక్కటే అడ్డం, రెండు వాడలకూ వేర్వేరు గుళ్లు. "ఎందుకు తమ్మీ, లేనిపోని లొల్లి" అన్నాను. ఆ ముచ్చట అంతటితో ఆగింది.

ఈ నేలమీద మా తాతలు ఎందుకు క్రైస్తవులయ్యారో నాకు తెలుసు. 1890ల నాటికే అబ్రహాం ఫ్రీసెన్ అనే రష్యా మెనొనైట్ దొర అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పనిచేశాడు. తర్వాత దేవరకొండ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తిల్లో మెనొనైట్ బ్రదరన్ సంఘాలు లేచాయి. కత్తి పట్టకూడదని శతాబ్దాలుగా నమ్మినవాళ్లు మెనొనైట్లు. ఇక్కడ ఆ సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువగా మాల మాదిగలు. బావి దగ్గర ఆమడ దూరం నిలబెట్టిన ఊళ్లో, ఒకే రొట్టె విరిచి ఒకే గిన్నెలో తాగే బల్ల దొరికిందని వచ్చారు. ఆ బల్ల దగ్గరికి నేను ప్రతి ఆదివారం వెళ్తాను. పెళ్లి దగ్గరికొచ్చేసరికి బల్ల కింద దాచిన పాత ముంత బయటికి తీస్తాను.

నా ప్రశ్నకూ ఆ కత్తికీ చాలా దూరముంది. రెండూ ఒకటేనంటే చచ్చినవాడికి అన్యాయం చేసినట్టు. కానీ కోటి రూపాయలిచ్చాడన్న ఆ తండ్రి కూడా, ఏదో ఒక రోజు, మొదట అడిగింది ఈ ఒక్క మాటే అయ్యుంటుంది. 2025 జనవరిలో సూర్యాపేటలో, కులం దాటి పెళ్లి చేసుకున్న మరో దళిత యువకుడు హతమైతే, పోలీసులు భార్య తరఫువాళ్లనే పట్టుకున్నారు. ఆ ఇంట్లోనూ ముందు వినబడింది అదే అయ్యుంటుంది. మేం గుళ్లలో అడుగుతాం, వాళ్లు ఇళ్లలో అడుగుతారు.

తెలుగు బైబిల్లో రెండు మాటలున్నాయి. వెండి నాణేలు వెనక్కి పట్టుకెళ్లిన యూదాకు వాడింది 'పశ్చాత్తాపం'. లూకా 13లో యేసు నోట వినిపించేది 'మారుమనస్సు'. పశ్చాత్తాపం అంటే తర్వాత పుట్టే వేడి. అది యూదాను కాల్చింది, అంతే. పేతురు కూడా ఆ రాత్రే వెక్కివెక్కి ఏడ్చాడు, కానీ అక్కడ ఆగలేదు, తిరిగొచ్చాడు. జక్కయ్య మరీ లెక్కల మనిషి. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. మారుమనస్సుకు ఒక మొత్తం ఉంటుందని, దాన్ని ఎవరికో ఒకరికి చేతికివ్వాలని ఆయన్ను చూస్తే తెలుస్తుంది. ఇంతకాలం నేను నాయనమ్మలా కొంగు తడుపుకుని లేచి వస్తున్నాను. తోటను బెట్టకు వదిలేసి పలుగు ముట్టలేదు.

అందుకని ఆ మూడో ఆదివారం ఒకటి అనుకున్నాను. మాంసం ఎలాగూ మానాను. మిగిలిన నాలుగు వారాలు "ఏమోళ్లు?" అన్న మాట కూడా మానేద్దామనుకున్నాను. నోటితోనే కాదు, ఇంటిపేరు అడిగి, ఊరడిగి, ఏ గుడికి పోతారో అడిగి దొంగదారిన తెలుసుకోవడం కూడా.

మాంసం మానడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. రెండో రోజే పక్క వాటాలోకి కొత్తవాళ్లు దిగారు. "మీ ఇంటిపేరేంటమ్మా" అన్నది నాలుక చివరి దాకా వచ్చింది. ఒక చావుకు పోతే, శవం దగ్గర కూర్చున్న ఆవిడ నా చెవిలో "కోడలు మనోళ్లు కాదట" అంది. నేను మాట్లాడలేదు, కానీ తల తిప్పి ఆ కోడల్ని చూశాను. అది లెక్కలోకి వస్తుందా రాదా? పవిత్రవారం ముందు పాపసంకీర్తనంలో ఫాదరు దగ్గర అదీ చెప్పాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "ఎవరికి బాకీ పడ్డావో వాళ్ల దగ్గరికి పో తల్లీ" అన్నాడు.

పోయాను. తమ్ముడికి ఫోన్ చేసి, ఆనాటి సంబంధం నేను చెడగొట్టానని ఒప్పుకున్నాను. ఆ పిల్లవాడికి పెళ్లయిపోయిందట, ఇద్దరు పిల్లలట. మా బిడ్డకూ అయింది, బాగానే ఉంది. "ఇప్పుడెందుకక్కా" అన్నాడు తమ్ముడు. కాసేపాగి, "మా చిన్నోడికి చూడాలె. నువ్వేం అడగకు, చాలు" అన్నాడు.

లూకా 13లో మారుమనస్సు మాటల వెంటనే ఒక అంజూరపు చెట్టు కథ ఉంది. మూడేళ్లుగా కాయలేదు, నరికెయ్యమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడు ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు తోటమాలి. కథ అక్కడే ఆగిపోతుంది. కాసిందో లేదో లూకా చెప్పడు.

ఈస్టరు వచ్చింది. మాంసం మళ్లీ మొదలైంది. మామ లేడు, తోట చేతులు మారింది. అంతకుముందు వారం అటు వెళ్తే పిందెలు గోళీకాయలంత ఉన్నాయి. ఏ చెట్టు పిందెను నిలుపుతుందో, ఏది రాలుస్తుందో ఎండలు ముదిరితే గానీ తెలియదు. కొత్త యజమాని మాత్రం ఇంకా పాదుల్లోనే వంగి ఉన్నాడు.