లోయలో కొయ్య, గట్టున రాయి

టర్కీలోని సాఫ్రాన్‌బోలు గురించి ఏ పర్యాటక కరపత్రం తిరగేసినా ఒకటే బొమ్మ. సున్నం కొట్టిన తెల్ల గోడలు, ముదురు రంగు కొయ్య చట్రాల కిటికీలు, ఎర్ర పెంకుల కప్పు, వీధి మీదికి పొడుచుకొచ్చిన మేడ. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఊరు కాబట్టి ఆ బొమ్మకు అంత గిరాకీ ఉండడం సహజమే. కాకపోతే అది సగం ఊరి బొమ్మ. లోయ అడుగున ఉన్న చుకుర్ పేట ముస్లింలది. పైన గట్టు మీది కిరాన్‌కోయ్ 1920ల దాకా గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులది. రెండూ ఒట్టోమన్ పాలనలోనే, ఒకే చలికి, ఒకే వానకి తట్టుకుంటూ పెరిగాయి. వేసవిలో కాపురం మార్చుకునే తోటల పేట బాగ్లార్ మూడోది. దాని జోలికి ఇప్పుడు పోను.

చుకుర్‌లో కొయ్య ఇళ్లు, కిరాన్‌కోయ్‌లో రాతి ఇళ్లు. ఎవరి పేటలో వాళ్లుండడం వల్ల ఎవరి సంప్రదాయం ప్రకారం వాళ్లు కట్టుకోగలిగారని యునెస్కో వివరణ. వినడానికి ముచ్చటగా ఉంది కానీ, నాకు సగమే ఒప్పుదల. చుకుర్ వాళ్లకు రాయి కొత్తా? 17వ శతాబ్దపు జింజి సత్రం రాయే. 1661 నాటి కోప్రులు మసీదూ రాయే. 1796లో కట్టిన ఇజ్జత్ మెహ్మెత్ పాషా మసీదు కింద నుంచి వాగు పారుతుంది. రాతిపని మీద పట్టు లేనివాళ్లు అలాంటి చోట పునాది వేయరు. అంతెందుకు, వాళ్ల ఇళ్లకే కింది అంతస్తు రాయి. రాయి చేతిలో ఉండి కూడా తాము పడుకునే చోటుకి కొయ్యను ఎంచుకున్నారంటే కారణం సంప్రదాయం ఒక్కటే అయి ఉండదు.

ఇంట్లోకి వెళ్లి చూద్దాం. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కాయ్‌మకామ్‌లార్ ఇల్లు ఇందుకు మంచి నమూనా. ఇలాంటి ఇళ్లలో కింది భాగం సరుకుకీ, కట్టెలకీ, పశువులకీ. వీధి వైపు గోడకు కిటికీలు అరుదు. మెట్లెక్కితే లోకం మారిపోతుంది. కొయ్య చట్రంలో పచ్చి ఇటుక నింపి పైన పూత పూసిన తేలికైన గోడలు, నిలువుగా సన్నగా ఉండే కిటికీలు, నడుమ ఒక పెద్ద హాలు, దాని చుట్టూ గదులు. మన మండువా లోగిలికి ఆకాశం వైపు మూత వేసి మేడ మీదికెత్తితే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. తేడా గదిలో ఉంది. ఒక్కో గదీ ఒక్కో కాపురం. కిటికీల వెంట గోడకు ఆనించి కట్టిన అరుగు, పొయ్యి, ఒక గోడ పొడవునా బీరువా. రాత్రి పరుపులు పగలు అందులోకి పోతాయి. అదే బీరువా తలుపుల్లో ఒకటి తీస్తే మనిషి నిలబడి నీళ్లు పోసుకునేంత స్నానాల అర. ఉమ్మడి కుటుంబంలో పెళ్లయిన కొడుక్కీ కోడలికీ ఇంత చాటు ఇచ్చిన ఇల్లు ఇంకెక్కడా ఉండదనను. ఇంత పొందికగా ఇచ్చిన ఇల్లు మాత్రం అరుదు.

సంపన్నుల ఇళ్లలో ఇంకో విచిత్రం తిరుగుడు బీరువా. ఆడవాళ్ల వైపు అరల్లో వంటకాలు పెట్టి తిప్పితే, గోడకు అవతల మగవాళ్ల వైపు తేలతాయి. వడ్డించిన చెయ్యి కూడా అతిథికి కనపడదు. పనితనం మెచ్చుకోవాల్సిందే. ఆ పనితనమంతా ఎవరిని దాచడానికి ఖర్చయిందో కూడా చెప్పుకోవాలి. హోటళ్లుగా మారిన ఈ ఇళ్ల ప్రకటనల్లో మొదటి మాటే వినిపిస్తుంది.

కిరాన్‌కోయ్ ఇంట్లో ఈ దోబూచులాట లేదు. కింద కొట్టు, పైన కాపురం. గోడ వీధిలోంచి నిటారుగా లేస్తుంది. తలుపు వీధికే, బేరమూ వీధికే. నన్నడిగితే అసలు తేడా ఇక్కడుంది. చుకుర్‌లో చెప్పులు కుట్టేవాళ్లకు ఒక వరస, కమ్మరులకు ఒక వీధి, తోళ్లు ఊనేవాళ్లకు దూరంగా ఇంకో చోటు. మగవాడు పొద్దున బజారుకి పోయి సాయంత్రం ఇంటికొస్తాడు. కాబట్టి ఇల్లు వీధికి వీపు తిప్పగలిగింది. గట్టు మీది పనివాడికి ఇల్లే బజారు. గిరాకీ గడప దగ్గరికే వస్తుంటే గోడ మూసుకుని కూర్చోవడం కుదరదు. మతం పాత్ర లేదనడం లేదు, ఆ తిరుగుడు బీరువాయే సాక్ష్యం. కానీ ఇంటి ముఖం ఎటు తిరగాలో తేల్చింది బతుకుతెరువు.

గుణదోషాలకొస్తే, ఉత్తర అనటోలియా భూకంప రేఖ దూరం కాని చోట, ఊగి నిలబడే కొయ్య చట్రం తెలివైన ఎంపిక. నిప్పు అంటుకుంటే రాయిదే పైచేయి. గది అందంలో చుకుర్‌కి సాటి లేదు. వీధి మాటకొస్తే నా ఓటు కిరాన్‌కోయ్‌కే. చుకుర్ సందులో అందమంతా తలెత్తి చూడాలి, కంటి ఎత్తున మిగిలేది మూగ గోడే.

తర్వాత చరిత్ర రెండు పేటలనూ ఒకేలా చూడలేదు. 1923లో గ్రీసు, టర్కీలు చేసుకున్న జనాభా మార్పిడి ఒప్పందానికి కొలమానం భాష కాదు, మతం. దాంతో కిరాన్‌కోయ్ క్రైస్తవులు ఊరు విడిచారు. వాళ్ల స్తెఫానోస్ చర్చి 1950లలో ఉలు మసీదు అయింది. పక్కనే కరాబూక్‌లో 1937లో పునాది పడిన ఉక్కు కర్మాగారం జనాన్ని లాక్కుంది. లోయలో కొత్తగా కట్టే ఒత్తిడి తగ్గి, పాత ఇళ్లు చాలావరకు మిగిలాయి. 1970ల నుంచి వాటిని కాపాడే పని మొదలైంది. గట్టు మీది కిరాన్‌కోయ్ మాత్రం కొత్త పట్టణానికి నడిబొడ్డయింది. రాతి ఇళ్ల పక్కన కాంక్రీటు లేచింది. తమ ఇల్లని పట్టుబట్టడానికి కట్టినవాళ్ల వారసులు అక్కడ లేరు.

సాఫ్రాన్‌బోలు వెళ్లే తెలుగు ప్రయాణికులకు ఒక మాట. కిరాన్‌కోయ్‌లో దిగగానే లోయలోకి వెళ్లే మినీబస్సు ఎక్కేయకండి. ఉలు మసీదు దాకా నడిచి, ఆ చుట్టుపక్కల పాత రాతి ఇళ్ల కింది అంతస్తులు చూసి, ఆ తర్వాత చుకుర్‌కి దిగండి.