అతుకు తెలియని పని: రేలిబ్

విండోస్‌లోనో లినక్స్‌లోనో నడిచే ఆటను బ్రౌజర్‌లో ఆడించాలంటే మళ్లీ మొదటి నుంచి రాయాలా? అక్కర్లేదని చూపించిన పనిముట్లలో నాకు బాగా నచ్చింది రేలిబ్ అనే లైబ్రరీ. స్పెయిన్‌కు చెందిన రామోన్ శాంటామారియా 2013లో దీన్ని మొదలుపెట్టారు. ఆయన ముందున్నది కోడ్ ముఖమే చూడని చిత్రకళా విద్యార్థులు. వాళ్లకు ఆటలు రాయడం నేర్పాలి. అందుకే రాసింది సి భాషలోనైనా పేర్లలో ఎక్కడా బెదిరింపు ఉండదు. కిటికీ తెరవడానికి ఇనిట్‌విండో, గీయడం మొదలుపెట్టడానికి బిగిన్‌డ్రాయింగ్, ముగించడానికి ఎండ్‌డ్రాయింగ్. పేరు చదివితే పని తెలిసిపోతుంది.

అసలు పనితనం లూప్ దగ్గరుంది. ఏ మీట నొక్కారో చూడటం, బొమ్మను జరపడం, తెరమీద గీయడం, మళ్లీ మొదటికి రావడం: ఏ ఆటైనా ఇంతే. కంప్యూటర్‌లో నేరుగా నడిచేటప్పుడు, ఆటగాడు కిటికీ మూసేదాకా ఈ లూప్ తిరుగుతూనే ఉంటుంది. బ్రౌజర్‌లో అదే పని చేస్తే ట్యాబ్ బిగుసుకుపోతుంది. అక్కడ ఇంటి యజమాని బ్రౌజరే, ఆట అద్దెకున్నది. పిలిచినప్పుడు వచ్చి, ఒక్క ఫ్రేమ్ గీసి, పక్కకు తప్పుకోవాలి.

రేలిబ్ వెబ్ నమూనాలు ఈ చిక్కును ఎలా విప్పాయో చూడండి. ఒక ఫ్రేమ్‌కు కావలసిన పనంతా అప్‌డేట్‌డ్రాఫ్రేమ్ అనే ఫంక్షన్‌లో ఉంటుంది. మెయిన్ ఫంక్షన్‌లో ఒకే ఒక్క షరతు. వెబ్ కోసం కంపైల్ చేస్తుంటే ఆ ఫంక్షన్‌ను బ్రౌజర్‌కు అప్పగిస్తారు, లేదంటే వైల్ లూప్‌లో తామే తిప్పుతారు. అప్పగించేటప్పుడు వేగం రాయాల్సిన చోట సున్నా రాయవచ్చు. అప్పుడు తాళం వేసేది బ్రౌజరే, ఆట దాన్ని అనుసరిస్తుంది. రెండు లోకాల మధ్య అతుకు ఆ నాలుగైదు వరుసలే.

మిగతా తేడాలు ఆట రాసేవారి కంటపడవు. తెరమీద గీయడానికి వాడే ఓపెన్‌జీఎల్‌లోని రకరకాల వెర్షన్ల మధ్య తగాదాలన్నీ ఆర్‌ఎల్‌జీఎల్ అనే ఒక్క ఫైలు తీరుస్తుంది. సి కోడ్‌ను బ్రౌజర్ నడపగల వెబ్‌అసెంబ్లీగా మార్చేది మొజిల్లాలో ఉండగా అలోన్ జకాయ్ రూపొందించిన ఎమ్‌స్క్రిప్టెన్. బ్రౌజర్‌కు ఆట ఫోల్డరు అందదు గనుక బొమ్మల్నీ శబ్దాల్నీ అది ఒక మూటగా కట్టి పంపుతుంది. కోడ్ మాత్రం ఎప్పటిలాగే ఫైలు పేరు చెప్పి తెరుస్తుంది.

ఇంత చేసినా బ్రౌజర్ నియమాలు బ్రౌజర్‌వే. ఆడేవారు ఒకసారి క్లిక్ చేసేదాకా సాధారణంగా శబ్దం రాదు.

రేలిబ్ ఉచితం, కోడ్ అంతా బహిరంగం. ఏ లైబ్రరీ వాడినా సరే, మీ ఆటలో ఒక ఫ్రేమ్ పనిని మొదటి రోజే ఒక ఫంక్షన్‌గా విడదీసి పెట్టుకోండి. వెబ్‌కు తీసుకెళ్లే రోజున సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.