ముల్లు లేని రేడియో

ఒకప్పుడు పిఠాపురంలో రేడియో పెట్టారంటే ముల్లు రెండు చోట్ల ఆగేది: మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ దగ్గర విజయవాడ, 927 దగ్గర విశాఖపట్నం. రెండూ తొమ్మిదితో భాగిస్తే శేషం మిగలని అంకెలే. హైదరాబాద్ 738 కూడా అంతే. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ కావడమే కారణం. సరిగా వినపడకపోతే సెట్టునే అటూ ఇటూ తిప్పేవారు. లోపలి ఫెర్రైట్ కడ్డీకి దిక్కు ఉంటుంది కనుక అది నిజంగా పనిచేసే ఉపాయం.

స్టేషన్ పట్టే ఆ విద్య కంప్యూటర్‌లోకీ వచ్చింది. లైనక్స్‌లో రేడియో కార్డు కూడా ఒక ఫైలే, పేరు రేడియో0. 'ఎఫ్ఎం' అనే చిన్న ప్రోగ్రామ్ పేరు పక్కన అంకె కొడితే చాలు, కార్డు ఆ స్టేషన్‌కు వెళ్లేది. 'ఎఫ్ఎంస్కాన్' అయితే బ్యాండంతా వెతికి ఎక్కడెక్కడ స్టేషన్లున్నాయో చెప్పేది.

2012లో అసలు మలుపు వచ్చింది. టీవీ చూడటానికి అమ్మే చవక యూఎస్‌బీ డాంగిల్‌లోని ఆర్‌టీఎల్2832యూ చిప్, తాను అందుకున్న తరంగాలను ముడి అంకెలుగా కంప్యూటర్‌కు ఇవ్వగలదని తేలింది. ఇక ట్యూనింగ్ తర్వాతి పనంతా సాఫ్ట్‌వేర్‌దే. 'ఆర్‌టీఎల్_ఎఫ్ఎం' అని కొట్టి, 'ఎఫ్' గుర్తు పక్కన 93.5 మెగాహెర్ట్జ్, 'ఎం' గుర్తు పక్కన వైడ్ ఎఫ్ఎం అని రాస్తే రాజమండ్రి స్టేషన్ కోసం చూస్తుంది. చివర పైపు గుర్తు పెట్టి, ధ్వని వినిపించే 'ఏప్లే'ను తగిన అమరికలతో రాయాలి. ఏలేరు కాలువ నీళ్లు బోదెలోకి మళ్లినట్టు ఒక ప్రోగ్రామ్ తీసిన ధ్వని రెండోదానిలోకి మళ్లుతుంది. ఏరియల్‌గా చెరో 76 సెంటీమీటర్ల తీగలు రెండు, ఇంటి కప్పు మీద వ్యతిరేక దిక్కుల్లో సాగదీస్తే మంచిది.

విజయవాడ 837 మాత్రం అంత తేలిగ్గా చిక్కదు. ఇలాంటి డాంగిల్‌లో ఉండే ఆర్820టీ ట్యూనర్ 24 మెగాహెర్ట్జ్ నుంచే మొదలవుతుంది. దానికి దిగువనున్న తరంగాన్ని అప్‌కన్వర్టర్‌తో 125 మెగాహెర్ట్జ్ పైకి ఎత్తి, 125.837 దగ్గర వినాలి. చవక డాంగిల్ స్ఫటికం పది లక్షలకు 50 వంతులు తప్పితే అక్కడ తేడా 6 కిలోహెర్ట్జ్ దాటుతుంది. 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఎఫ్ఎంలో అది తెలియదు, తొమ్మిదే ఉన్న మీడియం వేవ్‌లో పక్క స్టేషన్ మీద పడతాం. అందుకే 'పీ' గుర్తుతో ఆ తప్పును దిద్దుకోవాలి. ముల్లు తిప్పిన చేతికి తెలిసిన సంగతే ఇక్కడ అంకెగా రాస్తున్నాం.

ఇంత శ్రమ ఎందుకంటే, ఒకసారి రాసిన ఆదేశాల వరుస పోదు. దాన్ని వేళకు పనులు నడిపే 'క్రాన్' అనే ప్రోగ్రామ్‌కు అప్పగిస్తే మనం పొలంలో ఉన్నా, పెళ్లిలో ఉన్నా, చెప్పిన వేళకు రేడియో పెట్టి రికార్డు చేస్తుంది. తెర కూడా లేని పాత కంప్యూటర్ చాలు. బటన్లు నొక్కే ఏ యాప్ కన్నా నాకు ఇదే గొప్ప.

పిఠాపురం పక్కన చంద్రంపాలెంలో 1897లో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆకాశవాణికి ఎన్నో గేయాలు, నాటికలు రాశారు. గాలిలో వెళ్లిన మాటను ఆనాడు ఇంట్లో దాచుకునే సాధనం చాలామంది శ్రోతల దగ్గర లేదు. ఇప్పుడుంది. మీ ఊళ్లో వినిపించే నాటికో, రైతుల కార్యక్రమమో ఒకటి ఎంచుకుని ఈ వారమే రికార్డు చేయండి. ఫైలు పేరులో తేదీ, స్టేషన్, ఫ్రీక్వెన్సీ రాయడం మరవకండి.