సున్నం గోడ పక్కన ఒక రాత్రి

పుదుచ్చేరిలో ఆ ఇంటి తలుపు తెరుచుకోగానే నా చెయ్యి గోడ మీదికి పోయింది. సంచీ ఇంకా భుజానే ఉంది. రిజిస్టర్‌లో పేరైనా రాయలేదు. తాపీ మేస్త్రీ కొడుకులకు ఈ అలవాటు పోదు. గోడ చల్లగా, లేత అరటాకులా నున్నగా తగిలింది. గోటితో మెల్లగా కొట్టి చూశాను. సిమెంటైతే టక్కుమంటుంది. ఇది చప్పుడును లోపలికి మింగుకుంది. సున్నం. అసలైన గచ్చు. ఎన్నేళ్లయిందో అలాంటి గోడను తాకి.

మా వియ్యంకుడిది యానాం. ఊరు గోదావరి ఒడ్డున ఉన్నా పాలన పుదుచ్చేరిది కాబట్టి కొన్ని కాగితాల కోసం ఆయన అంత దూరం పోవాల్సిందే. మొన్న మాఘమాసంలో తోడుగా నేనూ వెళ్లాను. ఆయన ఎప్పుడూ బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగేవాడు. ఈసారి మా అమ్మాయి పట్టుబట్టి, కాలువకు పడమటి వైపు తమిళుల వీధుల్లో ఎనిమిది గదుల చిన్న హోటల్లో మాకు గది తీసింది. ఒకప్పుడు వ్యాపారి కుటుంబం కాపురమున్న ఇల్లది. వందేళ్లు దాటింది. కొన్నాళ్లు తాళం పడి, వెనక భాగం కూలిపోతే, ఎవరో ఓపికగా బాగుచేయించి బసకు తెరిచారు. ఇప్పుడు వీటిని బొటిక్ హోటళ్లు అంటున్నారు. నాకైతే బంధువుల ఇంటికి వెళ్లినట్టే అనిపించింది.

వీధిలోకి అరుగు. తమిళులు దాన్ని తిణ్ణై అంటారు. అరుగు మీద నున్నటి చెక్క స్తంభాలు. తలుపు దాటి నాలుగడుగులు వేస్తే నడి ఇంట్లో ఆకాశం. మా వియ్యంకుడు ఆ నాలుగు స్తంభాల మధ్య నిలబడిపోయాడు. "ఇది మా అమ్మమ్మగారి మండువానే బావగారూ. వాన పడితే సరిగ్గా ఇక్కడే గంగాళాలు పెట్టేవాళ్లం" అన్నాడు. ఆయన కాగితాల సంగతి ఆ సాయంత్రం మళ్లీ ఎత్తలేదు.

మా గదిలో మంచం తలాపున, గోడలో జానెడు మేర పూత వేయకుండా వదిలేశారు. అద్దం బిగించలేదు, బోర్డు పెట్టలేదు. గోడ కడుపులో ఏముందో కనబడేలా అలా ఉంచారంతే. రెండువేళ్ల మందం లేని చేతి ఇటుకలు, వాటి మధ్య ఇటుకంత మందాన సున్నపు మాలు. దాని మీద ముతక పూత, ఆపైన సన్న పూత, చివరన గోటి మందాన తెల్లటి పాలపొర. అన్ని పొరలూ అంచు దగ్గర వరసగా కనబడుతున్నాయి. పైకి చూస్తే టేకు దూలాలు, వాటి మీద అంచున నిలబెట్టి ఐమూలగా పేర్చిన సన్న ఇటుకలు. మద్రాసు టెర్రస్ అంటారు దీన్ని. ఫ్యాను వైరు గోడను తొలిచి పోనివ్వలేదు. గోడ వెంబడి సన్నని గొట్టంలో బయటే వచ్చింది. ఆ ఒక్క గొట్టం చూస్తే చాలు, ఈ ఇంటిని బాగుచేసినవాళ్లకు గోడంటే ఎంత గౌరవమో తెలిసింది.

అర్ధరాత్రి నిద్ర రాక మండువాలోకి వచ్చాను. కాపలా ఆయనది నాయుడుపేట వైపు ఊరు. తెలుగు వినేసరికి కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. మనుషులున్నా లేకున్నా రోజూ పొద్దున్నే అన్ని గదుల తలుపులూ కిటికీలూ తీస్తారట. "తీయకుంటే ఇల్లు ముక్కిపోతుంది సార్" అన్నాడు. ఒక మూల చూపించాడు. పోయిన వానల్లో అక్కడ చెమ్మ దిగిందట. ఆ గదిలో పడుకున్నావిడ పొద్దున్నే చెప్పింది, మధ్యాహ్నానికి మేస్త్రీ పైకి ఎక్కాడు. "అదే మూసి ఉన్న ఇల్లయితే సార్, దూలం పుచ్చి కింద పడినాక తెలుస్తుంది."

ఆ మాట నన్ను పట్టుకుంది. పాత కట్టడాన్ని కాపాడడమంటే చుట్టూ కంచె వేసి, నీలం రంగు బోర్డు పాతడమని అనుకుంటాం. కానీ కంచె లోపల మొదటి చుక్క ఎక్కడ కారిందో చెప్పేవాళ్లు ఉండరు. రాత్రి పడుకుని పొద్దున లేచే మనిషికే తెలుస్తుంది. ఆ మనిషి ఇచ్చిన గది అద్దెలోంచే మేస్త్రీ కూలి వస్తుంది. ఇంటికి మనిషి కాపలా, మనిషికి ఇల్లు నీడ.

మా నాయన మా ఊరు తుర్కయంజాల్ చుట్టుపక్కల ఊళ్లల్లో సున్నం పని చేసిన చివరి వరస మేస్త్రీల్లో ఒకడు. ఇల్లు మొదలయ్యే చోటనే గానుగ కట్టేవారు. నేలలో గుండ్రంగా తవ్విన కాలువ, అందులో నిలువుగా దొర్లే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దు. కాల్చిన సున్నపురాయిని ముందు నీళ్ల గుంటలో వేస్తే బుసబుసా పొంగి ఉడికేది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవాళ్లు కాదు. అయినా వెళ్లి, ఎడమ మోచేతి మీద నేను తెచ్చుకున్న మచ్చ ఇప్పటికీ ఉంది. చల్లారిన సున్నం వారాలకు వారాలు నానాక వెన్నముద్దయ్యేది. అప్పుడు ఇసుక కలిపి గానుగలో వేసేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవారు. ఆ పులిసిన తీపి వాసన ఇప్పుడు ఎక్కడన్నా తగిలితే నాకు నాయన ధోవతి అంచు గుర్తొస్తుంది. ఎద్దు వెనక తిరుగుతూ మాలును పారతో కాలువలోకి నెట్టడం నా పని. "సున్నం తొందర పడేటోనికి దొరకదు బిడ్డా" అనేవాడు. మాలు పారకు అంటకుండా జారేదాకా గానుగ ఆపనిచ్చేవాడు కాదు.

ఆయన ఓపికకు కారణం ఉంది. సిమెంటు నీళ్లతో కలిసి గంటల్లో బిగుసుకుంటుంది. సున్నం అలా కాదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని, ఏ రాయిని కాల్చి చేశామో ఆ రాయిగానే మళ్లీ మారుతుంది. అందుకే పలచగా పూయాలి, పొర పొరకూ ఆగాలి, రోజూ తడుపుతుండాలి. ఇంకో గుణం ఉంది. పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడి గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూత ఆ తడిని బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే దారి మూసేసినట్టే. తడి లోపలే నిలిచి, గోడలోని ఉప్పును కరిగించి, ఆరినప్పుడల్లా ఆ ఉప్పు గడ్డకట్టి పూతను వెనక నుంచి నెడుతుంది. ముందు ఉబ్బుతుంది, తర్వాత పెచ్చులూడుతుంది. సిమెంటు గట్టిదే. కానీ ఊడిపోయేటప్పుడు పాత ఇటుక ముఖాన్ని కూడా పీక్కుని పోతుంది.

ఇదంతా నాకు పుస్తకంలో తెలిసింది కాదు. 1998లో నా చేతుల మీదుగానే జరిగింది. ఉద్యోగం కుదురుకుంది, పెళ్లిచూపులకు జనం వస్తారు, ఇంటికి కొత్త కళ తేవాలని నాయన కట్టిన రాతి గోడల మీది గచ్చు మొత్తం గీకించి సిమెంటు పూయించాను. ఊళ్లో అందరూ చేయిస్తున్నదే. నాయన వేపచెట్టు కింద కూర్చుని రాలుతున్న గచ్చు పెళ్లలను చూశాడు. ఒక పెళ్లను తీసి చేతిలో తిప్పి, మళ్లీ కింద పెట్టాడు. "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు, అంతే. రెండు వానాకాలాలు గడిచేసరికి నడుమెత్తు దాకా గోడ ఉబ్బింది. రంగు మీద రంగు వేశాను. ప్రతి ఏడూ మళ్లీ ఊడేది. 2004లో ఆయన పోయేదాకా, ఆ గోడ పక్కనుంచి నడిచినప్పుడల్లా ఒకసారి అరచేత్తో రాసి పోయేవాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పుదుచ్చేరి నుంచి తిరిగి వస్తూ బస్సులో మన హైదరాబాద్ కట్టడాలనే తలుచుకున్నాను. ఫలక్‌నుమా మనకు గర్వం. 1884లో వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన ఆ మహలు ఏళ్లకేళ్లు తాళం వేసి ఉండి, పదేళ్ల మరమ్మతు తర్వాత 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరుచుకుంది. 101 మంది ఒకేసారి కూర్చుని తినగలిగే బల్ల సహా అంతా నిలిచింది. ఆ పని బాగా చేశారు. కానీ అక్కడ ఒక రాత్రి గడపడం మా వీధిలో ఎవరికీ అయ్యే పని కాదు. ఇంకో వైపు హిల్ ఫోర్ట్ ప్యాలెస్ ఉంది. నిజామత్ జంగ్ 1915లో కట్టుకున్న ఆ భవనం 1955 నుంచి రిట్జ్ హోటల్‌గా నడిచింది. మనుషులు వచ్చిపోయినంత కాలం నిలిచింది. హోటల్ మూతపడ్డాక చెట్లు మొలిచాయి. రెండూ ఒకే నగరంలోవి. తేడా రాళ్లలో లేదు, లోపల దీపం పెట్టేవాళ్లు ఉండడంలో ఉంది.

ఈ రెండింటికన్నా నన్ను ఎక్కువ తొలిచేది మా పక్కనే ఉన్న హయత్‌నగర్. తుర్కయంజాల్ నుంచి మునగనూరు మీదుగా పోతే అరగంట. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరది. జనం ఆమెను మా సాహెబా అనేవారు. నగరంలోని మాసబ్ ట్యాంక్ ఆ పిలుపే. మా ఊరి చెరువును కూడా మేం మాసబ్ చెరువు అనే అంటాం. హయత్‌నగర్‌లో ఆమె పేరిట మసీదు, దాని చుట్టూ నాలుగు వైపులా కమానుల గదుల వరస. వందకు పైగా గదులు. పక్కనే ఏనుగులతో నీళ్లు తోడించారని చెప్పే హాథీ బావి. గోల్కొండకూ మచిలీపట్నం రేవుకూ నడిచిన దారి ఇటే పోయేది. వజ్రాల వ్యాపారులు, బట్టల మూటలవాళ్లు, ఫకీర్లు ఆ గదుల్లో తలదాచుకుని పొద్దున్నే సాగిపోయేవారు. అది సరాయి. కట్టిందే రాత్రి బస కోసం.

పోయిన నెల వెళ్లి ఆ కమానుల కింద ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఒక గదిలోకి దూరి గోడను తాకాను. నాయన చేతి పనిలాంటిదే, ముతక పూత మీద సన్న పూత. గూట్లో ఒకప్పటి దీపం మసి ఇంకా ఉన్నట్టే ఉంది. పైన కమాను చీలికలోంచి రావి మొక్క వేరు దారంలా దిగింది. ఇంకో పదేళ్లు పోతే అది తాడవుతుంది. బయట విజయవాడ హైవే మీద బస్సులు ఆగకుండా పోతున్నాయి. ఆ బస్సుల్లో వచ్చి, ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో దిగి, పరీక్షకో ఆస్పత్రికో వచ్చామని లాడ్జి కోసం వెతుక్కునే వాళ్లు రోజూ ఎంతమందో. కిటికీ లేని గదుల్లో పడుకుంటారు. బస కోసమే కట్టిన గదులు ఇక్కడ ఖాళీగా ఉన్నాయి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. స్పెయిన్ ప్రభుత్వం 1928 నుంచి పారదోర్లు అనే పేరుతో హోటళ్లు నడుపుతోంది. వాటిలో ఎన్నో పాత కోటలు, మఠాలే. రాజస్థాన్‌లో నీమ్రానా కోట శిథిలాన్ని 1986లో తీసుకుని, కొన్ని గదులు బాగుచేసి 1991లో తెరిచారు. వచ్చిన డబ్బుతో మిగతావి ఒక్కొక్కటే లేపుతూ పోయారు. మన దగ్గర పనివాళ్లు లేరనడానికీ లేదు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి 2024 దాకా చేసిన పని చూడండి. గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నం పట్టించారు. ఆ పనిలో చేతులు తిరిగిన మేస్త్రీలు ఈ నగరంలోనే ఉన్నారు.

సరాయిలో నమాజుకు ఏ ఇబ్బందీ రాకుండా, మసీదు పెద్దలు ముందుండి, పది గదులు బాగుచేయించినా చాలు. రెండు మంచాలు, ఒక కిటికీ, గూట్లో దీపం. ఏసీ కోసం గోడ తొలవొద్దు, ఆ మందం గోడలకు అవసరం కూడా ఉండదు. అద్దె మాత్రం పల్లె నుంచి వచ్చినవాడు ఇవ్వగలిగేంతే ఉండాలి. నేను పుదుచ్చేరిలో ఇచ్చిన డబ్బుకు లాడ్జిలో మూడు రాత్రులు గడిచేవి. అలాంటి ధర పెడితే అది సరాయి కాదు. మా సాహెబా కాలంలో అక్కడికి వచ్చినవాడు తలుపు ముందు తన సంచీ బరువు చూసుకోలేదు.

ఈ మాటలు రాస్తున్న గది నాయన కట్టిందే. ఉగాది మర్నాడు ఈ ఒక్క గదిలో సిమెంటు గీకించడం మొదలుపెట్టాను. ఇంజాపూర్ నుంచి నాయన జోడీదారు వచ్చాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు, ఉలి పట్టలేడు. కుర్చీలో కూర్చుని కుర్రాళ్లకు చెప్తాడు, ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో. గోడ ఇప్పుడు రాయి రాయిగా బయటపడి ఆరుతోంది. కిటికీ పక్కన, సిమెంటు కింద దాగిపోయి, అరచేయి అంత నాయన గచ్చు మిగిలింది. దాన్ని అలాగే ఉంచమన్నాను.

పెరట్లో డ్రమ్ములో సున్నం నానుతోంది. పొద్దున మూత తీసి, పైన తేరిన నీళ్లు పక్కకు నెట్టి, వేలు పెట్టి చూశాను. పెద్దాయన కూడా తీసి బొటనవేలితో రుద్దాడు.

"ఇంకా పలుకున్నది కొడుకా. ఇంకో నెల ఆగాలె" అన్నాడు.

మూత పెట్టేశాను.